నాన్నగారు ఇప్పుడెక్కడున్నారు, తాతగారు ఎక్కడున్నారు: పరదైసు, పాతాళం, నరకం గురించి అడిగినవారికి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. నాన్నగారు లూథరన్ సంఘ సభ్యులు, ఈమధ్యే పోయారు. భూస్థాపనలో పాస్టరుగారు "ఆయన ఈపాటికి పరదైసులో ఉన్నారు" అన్నారు, అంటే ప్రభువు దగ్గర. అడ్వెంటిస్టు బావగారు "ప్రభువు వచ్చేదాకా నిద్రే, ఆయనకేమీ తెలియదు" అన్నారు. ఆర్‌సీఎం (రోమన్ కతోలిక) పిన్నిగారేమో, ఆత్మలు శుద్ధి పొందే ఉత్తరించు స్థలంలో ఉన్న ఆత్మ కోసం పూజ పెట్టించమంటున్నారు. వీటన్నిటికంటే మిమ్మల్ని ఎక్కువగా తొలిచేస్తున్నది తాతగారి సంగతి. యేసు పేరు వినకుండానే పోయిన మనిషి ఇప్పుడు నరకంలో కాలుతున్నారా, ఎప్పటికీ కాలుతూనే ఉంటారా?

ముందు సూటిగా జవాబు చెప్తాను. నాన్నగారి విషయంలో మీ ముగ్గురూ చివరికి చేరేది ఒకచోటికే. క్రీస్తు రాకడ, శరీరంతో పునరుత్థానం, తీర్పు, ఆ తర్వాత నిత్యజీవం. వీటి మీద పాస్టరుగారికీ బావగారికీ పిన్నిగారికీ తగాదా లేదు. తగాదా అంతా చావుకీ పునరుత్థానానికీ మధ్య ఏం జరుగుతుందన్న దాని మీదే. తాతగారి విషయంలో, ఫలానా మనిషి నరకంలో ఉన్నాడని పేరుపెట్టి చెప్పే హక్కు మీకు ఎదురైన ఏ ప్రసంగీకుడికీ లేదు. కతోలిక సంఘం ఇన్ని శతాబ్దాల్లో ఎంతోమందిని పునీతులుగా ప్రకటించింది గాని, ఒక్కరినైనా నరకవాసి అని ప్రకటించలేదు. ఇస్కరియోతు యూదాను కూడా.

ఇక వివరంగా. ఈ విషయంలో గందరగోళానికి తొంభై పాళ్లు కారణం రెండు వేర్వేరు దశల్ని కలిపేయడం. ఒకటి, చనిపోయిన క్షణం నుంచి తీర్పు దినం వరకు ఉండే మధ్యకాలం. రెండు, తీర్పు తర్వాతి శాశ్వత స్థితి. మీకు ఎవరు ఏ వచనం చూపించినా, ముందు "ఇది మధ్యకాలం గురించా, చివరి స్థితి గురించా?" అని అడగండి. సగం వాదాలు అక్కడే ఆగిపోతాయి.

మాటలు విడదీసి చూడండి

మన వాడుకలో పాతాళం, నరకం ఒకటే అయిపోయాయి. బైబిల్లో కావు. పాత నిబంధన హెబ్రీలో షెయోల్ అనే మాట 65 సార్లు వస్తుంది. మంచివాళ్లూ చెడ్డవాళ్లూ చచ్చినవాళ్లంతా పోయే చోటు అది. మన పాత అనువాదం దాన్ని ఒకచోట పాతాళము అనీ, ఇంకోచోట మృతుల లోకము అనీ రాసింది. యోసేపును మృగం తినేసిందనుకుని యాకోబు "మృతుల లోకమునకు నా కుమారునియొద్దకు" వెళ్తానని ఏడుస్తాడు (ఆదికాండము 37:35). నరకానికి పోతానని కాదు గదా ఆయన ఏడ్చింది! కొత్త నిబంధన గ్రీకులో దీనికి సాటి మాట హేడీస్.

నరకము అని మనవాళ్లు రాసింది వేరే మాటకి, గెహెన్నాకి. కొత్త నిబంధనలో అది 12 సార్లే ఉంది. 11 సార్లు యేసు నోట, ఒకసారి యాకోబు పత్రికలో (3:6). పౌలు తన పత్రికల్లో ఒక్కసారి కూడా వాడలేదు. గెహెన్నా అంటే యెరూషలేము పక్కనున్న హిన్నోము లోయ, నిజంగా ఉన్న చోటు, ఇవాళ్టికీ నడిచి వెళ్లొచ్చు. యూదా రాజుల కాలంలో అక్కడ తోఫెతు అనే చోట పిల్లల్ని అగ్నికి బలిచ్చారు (యిర్మీయా 7:31). యోషీయా రాజు ఆ చోటును అపవిత్రపరిచి ఆ ఆచారాన్ని ఆపించాడు (2 రాజులు 23:10). ఆ లోయే వధ లోయ అవుతుందని యిర్మీయా చెప్పాడు. యేసు మాట విన్న యూదుడికి గెహెన్నా అనగానే తట్టేది దేవుని తీర్పుతో ముడిపడ్డ ఆ లోయే.

ఇక్కడ ఒక సరిదిద్దుబాటు. "గెహెన్నా అంటే యేసు కాలంలో యెరూషలేము చెత్తకుప్ప, అక్కడ ఎప్పుడూ మంట మండుతూ ఉండేది" అని దాదాపు ప్రతి ప్రసంగంలోనూ వింటాం. దీనికి మొదటి శతాబ్దపు ఆధారం లేదు. ఈ మాట కనబడేది సుమారు 1200 ప్రాంతంలో దావీదు కిమ్హి అనే యూదు వ్యాఖ్యాత రాతల్లో. అంటే యేసుకు వెయ్యేళ్ల పైచిలుకు తర్వాత. నరకం ఉందని వాదించేవాళ్లూ, లేదని వాదించేవాళ్లూ ఇద్దరూ ఈ చెత్తకుప్ప మీదే ఇల్లు కడతారు. మీరు కట్టకండి.

మూడో మాట అగ్నిగుండము, అదే రెండవ మరణము. గ్రీకులో అగ్ని సరస్సు అన్న ఈ మాట ప్రకటన గ్రంథంలోనే ఉంది. ప్రకటన 20:14 నెమ్మదిగా చదవండి: మరణమూ మృతుల లోకమూ అగ్నిగుండంలో పడవేయబడ్డాయి. అక్కడి మృతుల లోకం గ్రీకులో హేడీసే. పై వచనంలో అదే మాటను మన అనువాదం పాతాళలోకము అంది, అందుకే తెలుగు పాఠకుడికి రెండూ ఒకటేనని తెలియదు. పాతాళమే అగ్నిగుండంలో పడుతోందంటే పాతాళమూ అగ్నిగుండమూ ఒకటి కావు. మధ్యకాలపు చోటు తీర్పు తర్వాత ఉండదు.

నాలుగోది, అన్నిటికంటే చిక్కు తెచ్చేది, ఆత్మ. హెబ్రీలో నెఫెష్, రూవహ్, గ్రీకులో ప్సూకే, ప్న్యూమా. మనవాళ్లు వీటికి ఒకచోట ప్రాణము, ఒకచోట జీవము, ఒకచోట ఆత్మ అని రాశారు. తెలుగువాడికి ఆత్మ అనగానే నిప్పు కాల్చలేనిది, పుట్టుకా చావూ లేనిది అన్న గీతా శ్లోకం మనసులో మెదులుతుంది. క్రైస్తవ బోధలో ఆత్మ అనాది కాదు, సృష్టించబడింది. "నరుడు జీవాత్మ ఆయెను" అన్న ఆదికాండము 2:7లో మట్టి దేహమూ దేవుని ఊపిరీ కలిస్తే మనిషి మొత్తంగా జీవి అయ్యాడు. శరీరమనే పంజరంలో బందీ అయిన చిలుక అన్న బొమ్మ అక్కడ లేదు. అందుకే క్రైస్తవుల ఆశ ఆత్మ ఎగిరిపోవడం మీద కాదు, శరీరం లేవడం మీద ఉంటుంది.

నరకం అన్న మాటా అంతే. అది మనకు యమలోకం నుంచి వచ్చింది. యమభటులు, సలసల కాగే నూనె మూకుళ్లు, చిత్రగుప్తుడి చిట్టా. పురాణాల్లోని నరకాలు పాపం కరిగేదాకా ఉండి బయటపడే చోట్లు, శాశ్వతం కావు. మన పల్లె ప్రసంగాల్లో ఏమైందంటే, యముడి స్థానంలో సాతానును కూర్చోబెట్టి, శిక్షాకాలాన్ని మాత్రం అనంతం చేశారు. బైబిల్లో సాతాను నరకానికి అధికారి కాదు, ఖైదీ. నిత్యాగ్ని "అపవాదికిని వాని దూతలకును" సిద్ధపరచబడిందని మత్తయి 25:41. సాతాను ఎవర్నో మూకుట్లో వేయిస్తున్న బొమ్మ చూపించి మిమ్మల్ని ఎవరైనా భయపెడితే, అందులో బైబిలు కన్నా గరుడపురాణం పాలే ఎక్కువ.

ధనవంతుడు–లాజరు సంగతి

"ఇప్పుడే కాలుతున్నారు" అనేవాళ్లు ముందు తెరిచేది లూకా 16. కాబట్టి దాన్ని కాస్త దగ్గరగా చూద్దాం. ధనవంతుడు ఉన్నది పాతాళములో (16:23), అంటే హేడీసులో, గెహెన్నాలో కాదు. అతని ఐదుగురు సహోదరులు ఇంకా ఇంటిదగ్గర బతికే ఉన్నారు, వాళ్లను హెచ్చరించమని అడుగుతున్నాడు. అంటే తీర్పు దినం ఇంకా రాలేదు. కాబట్టి ఇది నిత్యశిక్ష వర్ణన కాదు, మధ్యకాలం వర్ణన. నిత్యశిక్షను నిరూపించడానికి ఈ వాక్యభాగం వాడితే గురి తప్పినట్టే.

ఇంకో చిక్కు. ధనవంతుడు పాతిపెట్టబడ్డాడని 22వ వచనం చెబుతోంది. అయినా అతనికి కన్నులున్నాయి, నాలుక ఉంది, లాజరుకు తడిపే వేలుంది. శరీరం సమాధిలో ఉంటే నాలుకెక్కడిది? అక్షరాలా తీసుకునేవాళ్లకు ఇది ఇబ్బందే. "ఇది ఉపమానం, దీన్నుంచి ఏమీ తేల్చకూడదు" అనేవాళ్లకూ ఇబ్బంది ఉంది. యేసు చెప్పిన ఉపమానాల్లో ఇంకెక్కడా పాత్రకు పేరు లేదు, ఇక్కడ లాజరు అని ఉంది. పైగా, అబద్ధమైన లోకాన్ని నేపథ్యంగా పెట్టుకుని యేసు కథ ఎందుకు చెబుతాడు అన్న ప్రశ్న మిగులుతుంది. ఇది ఆనాటి యూదులకు పరిచయమైన బొమ్మలతో చెప్పిన కథ, దాని గురి గుమ్మం ముందు పడి ఉన్న పేదవాణ్ని చూడని ధనవంతుడి మీద ఉంది. చచ్చాక స్పృహ ఉంటుందన్న వైపుకు ఇది మొగ్గు చూపుతుంది, అంతకుమించి పాతాళం పటం గీయడానికి పనికిరాదు. ఇదీ నా అంచనా.

మధ్యకాలం: మీ ముగ్గురి మాటలూ ఎక్కడివి?

పాస్టరుగారి మాటకు ఆధారం సిలువ మీది దొంగకు యేసు చెప్పినది, "నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువు" (లూకా 23:43). ఇంకా ఫిలిప్పీ 1:23, 2 కొరింథీ 5:8. శరీరాన్ని విడిచి ప్రభువు దగ్గర ఉండటం మేలని పౌలు అంటాడు. ప్రొటెస్టంట్లలో ఎక్కువమంది పట్టుకున్నది ఇదే. ప్రొటెస్టంట్ సంస్కర్త కాల్విన్ రాసిన మొట్టమొదటి వేదాంత రచనే (1534) ఆత్మ నిద్రపోతుందనేవాళ్లను ఖండించడానికి. 1640ల నాటి వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణం "ఆత్మలు చావవు, నిద్రపోవు" అని తెగేసి చెప్పింది. మీ లూథరన్ వైపు కాస్త మెత్తదనం ఉంది. లూథరే చాలాచోట్ల మరణాన్ని హాయైన నిద్రతో పోల్చాడు. ఒక్క క్షణం కన్ను మూసి తెరిచేసరికి పునరుత్థాన ఉదయం అన్నట్టు. కాబట్టి మీ పాస్టరుగారూ బావగారూ అనుకున్నంత దూరంలో లేరు.

బావగారి మాటకు ఆధారం "చచ్చినవారు ఏమియు ఎరుగరు" (ప్రసంగి 9:5), మార్తతో, శిష్యులతో ఆమె తమ్ముడు లాజరు (ధనవంతుడి కథలోని లాజరు కాదు) గురించి యేసు మాటలు (యోహాను 11), థెస్సలొనీకయులకు "నిద్రించినవారు" అన్న పౌలు మాట. దొంగకు చెప్పిన మాట దగ్గర వాళ్లు విరామచిహ్నం ప్రశ్న లేవనెత్తుతారు. పాత గ్రీకు ప్రతుల్లో కామాలు లేవు కాబట్టి "నేడు నీతో చెప్పుచున్నాను, నీవు పరదైసులో ఉందువు" అని చదవొచ్చంటారు. వ్యాకరణం అడ్డురాదు. అయితే "నిశ్చయముగా నీతో చెప్పుచున్నాను" అని యేసు సువార్తల్లో డజన్ల సార్లు అన్నాడు, ఎక్కడా దానికి నేడు తగిలించలేదు. అందుకే ఎక్కువమంది అనువాదకులు నేడును పరదైసు వైపుకే చేర్చారు. ప్రసంగి మాట కూడా "సూర్యుని క్రింద" కనబడేదాని గురించి చెబుతున్న పుస్తకంలోనిది, అది మర్చిపోకూడదు.

అడ్వెంటిస్టుల్నీ యెహోవాసాక్షుల్నీ ఒక గాట కట్టకండి. నిద్ర విషయంలో దగ్గరగా ఉన్నా, అడ్వెంటిస్టులు త్రిత్వాన్ని ఒప్పుకుంటారు, సాక్షులు ఒప్పుకోరు. పైగా సాక్షుల బోధలో పరలోకానికి పోయేది 1,44,000 మందే, మిగతావాళ్ల ఆశ భూమి మీద. మీ బావగారు ఆ మాట అనరు.

పిన్నిగారి మాట సంగతి. ఉత్తరించు స్థలం రెండో నరకం కాదు. రక్షణ ఖాయమైనవాళ్లే అక్కడికి పోతారు, శుద్ధి కోసం. అక్కడున్న ఏ ఆత్మా నరకానికి జారదు. ఈ ముక్క తెలియకే చాలామంది ప్రొటెస్టంట్లు "రెండో అవకాశం" అని ఎద్దేవా చేస్తారు. 2 మక్కబీయులు 12వ అధ్యాయంలో యూదా మక్కబీయుడు చనిపోయిన సైనికుల పాపపరిహారం కోసం రెండువేల ద్రాక్మాల వెండి పోగుచేసి యెరూషలేముకు పంపుతాడు. ఆ పుస్తకం కతోలిక బైబిల్లో ఉంది, మీ ఇంట్లో ఉన్న బైబిల్లో ఉండదు. వాదన అక్కడే మొదలై అక్కడే ఆగిపోతుంది. లియోన్ (1274), ఫ్లోరెన్స్ (1439), ట్రెంట్ (1563) కతోలిక మహాసభలు దీన్ని సిద్ధాంతంగా ఖాయం చేశాయి. అయితే చిత్రం చూడండి, ట్రెంట్ సభ అక్కడ నిప్పు ఉందో లేదో, ఎంతకాలమో చెప్పలేదు. పైగా జనానికి ఇలాంటి చిక్కు ప్రశ్నలు ప్రసంగాల్లో చెప్పొద్దంది.

కతోలిక బోధలో ఇంకో తేడా ఉంది. 12వ బెనెడిక్ట్ పోపు 1336లో ఇచ్చిన నిర్ణయం ప్రకారం, మరణకరమైన పాపంలో పశ్చాత్తాపం లేకుండా పోయినవాడు తీర్పు దినం కోసం ఆగకుండానే నరకానికి పోతాడు, శుద్ధి అయిన ఆత్మ వెంటనే దేవుని ముఖాన్ని చూస్తుంది. ఆయనకు ముందున్న 22వ జాన్ పోపు "తీర్పు దినం దాకా పూర్తి దర్శనం ఉండదు" అని 1331లో ప్రసంగిస్తే పెద్ద గొడవే జరిగింది, మరణశయ్య మీద ఆయన ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. పోపులే తడబడ్డ చోట మన ఇళ్లల్లో తగాదాలు రావడం వింతేమీ కాదు. ఆర్థడాక్స్ సంఘాలు ఉత్తరించు స్థలాన్ని ఆ రూపంలో ఒప్పుకోవు గాని చనిపోయినవాళ్ల కోసం ప్రార్థిస్తాయి.

చివరి స్థితి: నిత్యశిక్ష అంటే ఎంతకాలం, ఎలాంటిది?

ఇక్కడ మూడు దారులున్నాయి. మొదటిది అంతంలేని స్పృహతో కూడిన శిక్ష. ఐదో శతాబ్దపు వేదాంతి అగస్టీను నుంచి ఇప్పటిదాకా ఎక్కువమంది నమ్మింది ఇదే. మీ లూథరన్ల అగ్స్‌బర్గ్ ఒప్పుకోలు (1530) అనే విశ్వాస ప్రమాణంలోని 17వ అధికరణం, శిక్షకు ముగింపు ఉంటుందనేవాళ్లను పేరుపెట్టి ఖండించింది. రెండోది షరతు అమరత్వం, అంటే దుష్టులు చివరికి లేకుండా పోతారు. అడ్వెంటిస్టుల బోధ ఇదే. అడ్వెంటిస్టు కాని సువార్తికుల్లో పేరున్న ఇంగ్లండు బోధకుడు జాన్ స్టాట్ 1988లో దీనివైపు మొగ్గుతున్నానని రాస్తే గగ్గోలు పుట్టింది. మూడోది అందరూ చివరికి దేవుని దగ్గరకు తిరిగొస్తారన్నది. మూడో శతాబ్దపు ఒరిగెను, నాలుగో శతాబ్దపు నిస్సా గ్రెగరీ ఆ ఆశ వెలిబుచ్చారు. ఒరిగెను బోధల్ని జస్టీనియన్ చక్రవర్తి 543లో ఖండించాడు, గ్రెగరీని మాత్రం సంఘం పునీతుడిగానే గౌరవిస్తోంది.

ఎక్కువ కుస్తీ జరిగేది మత్తయి 25:46 మీద. "వీరు నిత్యశిక్షకును నీతిమంతులు నిత్య జీవమునకును పోవుదురు." అగస్టీను వాదన సూటిది. ఒకే వాక్యంలో ఒకే మాట, గ్రీకులో ఐయోనియోస్, రెండు వైపులా ఉంది. జీవానికి అంతం లేకపోతే శిక్షకూ లేదు. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. రెండో దారివాళ్లు ఇచ్చే బదులు: నిత్య అన్నది ఫలితానికి, ప్రక్రియకు కాదు. హెబ్రీ 9:12లో "నిత్యమైన విమోచన" అంటే విమోచించడం ఎప్పటికీ సాగుతూ ఉంటుందని కాదు, ఒకసారి జరిగిన విమోచన ఫలితం ఎప్పటికీ ఉంటుందని. అలాగే నిత్యశిక్ష అంటే తిరుగులేని శిక్ష. 2 థెస్సలొనీక 1:9లో ఆ శిక్ష పేరే "నిత్యనాశనము". యూదా పత్రిక 7వ వచనంలో సొదొమ గొమొర్రాలు నిత్యాగ్ని దండనకు దృష్టాంతం అన్నారు, ఆ ఊళ్లు ఇవాళ మండుతూ లేవు. మత్తయి 10:28లో దేవుడు ఆత్మనూ దేహాన్నీ నరకంలో "నశింపజేయగలవాడు". ఇవి బలమైన వచనాలే.

అయితే వాళ్లకు అడ్డొచ్చేవి ప్రకటన 14:11, 20:10. "యుగయుగములు", "రాత్రింబగళ్లు" బాధ. 14:11లోని పొగను యెషయా 34:10లో ఎదోము పొగతో పోల్చి, అది నాశనానికి గుర్తు అంటారు. సరే. కానీ 20:10లో బాధింపబడుదురు అని సూటిగా ఉంది. అది సాతాను, మృగము, అబద్ధప్రవక్త గురించి మాత్రమే అనొచ్చు, అయితే ఐదు వచనాల తర్వాత మనుషుల్నీ ఆ గుండంలోకే వేస్తారు. మార్కు 9:48లో "వారి పురుగు చావదు, అగ్ని ఆరదు" అన్నది యెషయా 66:24 నుంచి వచ్చింది. యెషయాలో ఆ పురుగు తినేది బతికున్నవాళ్లను కాదు, కళేబరాలను. ఇలా ఇద్దరి చేతుల్లోనూ వచనాలున్నాయి.

మూడో దారివాళ్లు మత్తయి 25:46లోని శిక్ష అన్న మాట, కొలాసిస్, చెట్టు కొమ్మలు కత్తిరించి సరిచేయడం లాంటిదంటారు. అరిస్టాటిల్ కాలంలో ఆ తేడా ఉన్నమాట నిజమే. కొత్త నిబంధన నాటికి ఆ మాట మామూలు దండనకే వాడుతున్నారు (2 పేతురు 2:9 చూడండి). మాట పుట్టుక మీద సిద్ధాంతం కట్టడం ఎప్పుడూ ప్రమాదమే.

నా మొగ్గు అడిగితే, మధ్యకాలంలో స్పృహ ఉంటుందన్న వైపు వచనాల బరువు ఎక్కువ. చివరి స్థితి విషయంలో మొదటి రెండు దారుల మధ్య పోటీ, మన మందిరాల్లో చెప్పేదానికన్నా చాలా గట్టిది. మొదటి దారి నమ్మేవాళ్లు కూడా నిప్పును అక్షరాలా తీసుకోనక్కర్లేదు. బైబిలే నరకాన్ని ఒకచోట అగ్ని అంది, ఇంకోచోట వెలుపటి చీకటి అంది. మంటలో చీకటి ఎలా ఉంటుంది? రెండూ బొమ్మలే. కతోలిక సత్యోపదేశం (ఆ సంఘపు అధికారిక బోధల గ్రంథం) కూడా నరకంలో ముఖ్యమైన శిక్ష దేవుని నుంచి ఎడబాటు అని చెబుతుంది. అందరికీ ఒకే మోతాదు కాదని కూడా యేసే అన్నాడు. యజమాని చిత్తం ఎరిగి చేయనివాడికి అనేకమైన దెబ్బలు, ఎరగనివాడికి కొద్ది దెబ్బలు (లూకా 12:47–48).

తాతగారి సంగతి

ఆ కొద్ది దెబ్బల వచనం మీ తాతగారికి సూటిగా తగిలేది. దీని మీద సంఘాల్లో మూడు రకాల జవాబులున్నాయి. క్రీస్తును ఎరిగి నమ్మితేనే రక్షణ, ఆయన గురించి విననివాళ్లకైనా మినహాయింపు లేదు అన్నది ఒకటి (రోమా 10:14 వాళ్ల ఆధారం). క్రీస్తు వల్లనే రక్షణ, కానీ ఆయన పేరు ఎరగనివాళ్లకు కూడా ఆ కృప చేరొచ్చు అన్నది రెండోది. రెండో వాటికన్ సభ 1964లో, తమ తప్పు లేకుండా సువార్త ఎరగక, మనస్సాక్షి ప్రకారం దేవుని వెదికినవాళ్లు రక్షణ పొందవచ్చని రాసింది. రోమా 2:14–16లో ధర్మశాస్త్రం లేని అన్యజనుల మనస్సాక్షి మాట ఉంది. ఏథెన్సులో పౌలు "ఆ అజ్ఞానకాలములను దేవుడు చూచి చూడనట్టుగా ఉండెను" అన్నాడు (అపొస్తలుల కార్యములు 17:30). మూడోది, దేవుడు న్యాయాధిపతి, మాకు తెలియదు అని నోరు మూసుకోవడం. చాలామంది గట్టి సువార్తికులు కూడా, గుచ్చి అడిగితే, చివరికి చేరేది ఈ మూడోదానికే.

మొదటి జవాబు నమ్మే పాస్టరు అయినా సరే మీకు చెప్పగలిగేది నియమం వరకే. మీ తాతగారి చివరి ఘడియలో ఏం జరిగిందో అతనికి తెలియదు. సిలువ మీది దొంగ చివరి ఘడియ మాటలు పక్కనున్నవాళ్లు వినకపోతే అతని సంగతి లోకానికి తెలిసేది కాదు. ఆత్మహత్య చేసుకున్నవాళ్ల గురించి కూడా ఇలాగే "సూటిగా నరకానికే" అని తీర్పిచ్చేస్తుంటారు. అలాంటివారి రక్షణ విషయంలో నిరాశపడొద్దని, తనకే తెలిసిన మార్గంలో దేవుడు వాళ్లకు పశ్చాత్తాపానికి వీలు కలిగించగలడని కతోలిక సత్యోపదేశం రాసింది.

"నరకం చూసి వచ్చాను" అనే వీడియోలు మీకిప్పుడు వరసగా పంపిస్తారు, చూడకండి. ఇంట్లో చావైన వారానికే అవి రావడం మొదలవుతుంది. వాటిలో పాతది సైబీరియాలో 14 కిలోమీటర్ల బోరు వేస్తే ఆత్మల అరుపులు వినబడ్డాయన్నది. నిజంగా లోతైన బోరు సైబీరియాలో కాదు, కోలా ద్వీపకల్పంలో ఉంది, 12,262 మీటర్లు. దాన్ని ఆపింది సుమారు 180 డిగ్రీల వేడి, అరుపులు కాదు.

ఇప్పుడు మీరు చేయాల్సింది

పిన్నిగారు తన విశ్వాసం చొప్పున పూజ పెట్టిస్తే అడ్డు చెప్పకండి, మీ మీద దాని భారం లేదు. మీరు ప్రార్థించొచ్చా అంటే, అగ్స్‌బర్గ్ ఒప్పుకోలుకు సమర్థనగా 1531లో రాసినదానిలో, చనిపోయినవారి కోసం ప్రార్థించడాన్ని తాము నిషేధించం అని సూటిగా ఉంది. వాళ్లు కాదన్నది పూజ దానంతటదే చనిపోయినవాడికి పుణ్యం చేకూరుస్తుందన్న భావాన్ని. కాబట్టి "ప్రభువా, మా నాన్నను నీ చేతికి అప్పగిస్తున్నాం" అని ప్రార్థిస్తే లూథరన్‌గా మీరు గీత దాటినట్టు కాదు. మీ పాస్టరుగారికి ఇది కొత్తగా అనిపిస్తే ఈ ముక్క చూపించండి.

ఆదరణ కూడికలో బావగారికి వాక్యం చెప్పే అవకాశం ఇస్తే, 1 థెస్సలొనీక 4:13–18 చదవమని అడగండి. నిద్ర అన్న మాట ఆయనకు, "సదాకాలము ప్రభువుతో కూడ" అన్న మాట మీ పాస్టరుగారికి, రెండూ అందులోనే ఉన్నాయి. ప్రసంగి 9 మీదా లూకా 16 మీదా ఆ రోజు ప్రసంగం పెట్టనివ్వకండి. తాతగారి ప్రస్తావన తెచ్చి, నాన్నగారితో పోల్చి, కూడికకు వచ్చిన హిందూ బంధువుల ముందు ఉదాహరణగా వాడొద్దని ప్రసంగీకుడికి ముందురోజే చెప్పండి. ఈ పొరపాటు చాలా ఇళ్లల్లో జరుగుతుంది, తర్వాత దిద్దుకోలేరు.

సమాధి రాయి చెక్కించేటప్పుడు "పరదైసులో ఉన్నారు" అనో "నిద్రించుచున్నారు" అనో పట్టింపు పెట్టుకోకుండా, "ప్రభువునందు నిద్రించిరి" అని పుట్టిన తేదీ, పోయిన తేదీ వేయించండి. మన సమాధుల తోటల్లో ఎక్కువ రాళ్ల మీద ఉన్న మాట అదే. ఈస్టరు తెల్లవారుజామున కొవ్వొత్తులు పట్టుకుని మీరంతా అక్కడికి వెళ్లినప్పుడు మీ ముగ్గురిలో ఎవరికీ ఆ మాటతో పేచీ ఉండదు.